దూరపు గుడి, దగ్గర వాన: ఆ మాట మన ఆకాశానికి ఏ నెలల్లో సరిపోతుంది?

చంద్రుడు గుడి కడితే, అంటే చుట్టూ వెలుగు వలయం కడితే, వానొస్తుందన్న మాట నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వినని ఇల్లుండదు. కొందరు వరదగుడి అంటారు, కొందరు వరదగూడు అంటారు, వానకన్నా ఈదురుగాలి తెచ్చేదని నమ్మితే గాలిగుడి అంటారు. "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అన్న సామెతలో ఓ కొలత కూడా పెట్టిపోయారు పెద్దలు. వలయం చంద్రుడికి ఎడంగా ఉంటే వాన తొందర్లోనే పడుతుందని, అంటుకున్నట్టు ఉంటే ఇప్పట్లో లేదని దాని అర్థం.

కానీ ఈ మాటను నమ్మి ఏడాది పొడుగునా ఆకాశం చూసేవాళ్లకు ఓ చిక్కు ఎదురవుతుంది. జులై, ఆగస్టుల్లో కూడా గుడి కడుతుంది. చక్కగా, ఎడంగా, పూర్తి వలయంగా కడుతుంది. కింద మాత్రం పడమటి గాలి వేడిగా కొడుతూనే ఉంటుంది, మర్నాడు చుక్క రాలదు. జనవరిలోనూ అంతే. మళ్లీ నవంబరులో అలాంటి గుడే కడితే, రెండో రోజుకల్లా కయ్యల గట్లు తెగేంత వాన. వలయం ఒకటే అయినా ఫలితాలు వేరు. అలాగని సామెత అబద్ధం కాదు. అందులో నెల పేరు చెప్పలేదు, అంతే. మన తీరానికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సామెతను గట్టిగానే పట్టుకోవచ్చు. మిగతా నెలల్లో గుడి కట్టిందంటే పైన మంచు మబ్బు ఉందని మాత్రమే అర్థం.

ఇది తేలాలంటే ముందు ఆ రెండు గుడుల్నీ విడదీయాలి. అవి ఒకే వస్తువుకు చిన్నా పెద్దా రూపాలు కావు. ఒకటి మంచు పలుకుల పని, రెండోది నీటి తుంపరల పని.

దూరపు గుడి

వేసవిలో ఒంగోలులో 42 డిగ్రీల ఎండ కాస్తున్నా, దాని పైన పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో సున్నాకు దిగువన 40, 50 డిగ్రీల చలి ఉంటుంది. మన ప్రాంతంలో సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు దాటితే గాలి సున్నా కిందకు పోతుంది. అంత ఎత్తున పల్చటి తెరలా పరుచుకునే మబ్బులో నీటి బొట్లుండవు, మంచు పలుకులుంటాయి. ఒక్కో పలుకు ఆరు పలకలుగా చెక్కిన పెన్సిల్ ముక్కలా ఉంటుంది, లేదా అదే పెన్సిల్‌ను పల్చగా కోసిన బిళ్లలా ఉంటుంది.

ఆ పెన్సిల్‌ను చేతిలో పట్టుకున్నట్టు ఊహించండి. వెలుతురు ఒక పలకలోంచి లోపలికి వెళ్లి, పక్క పలకను వదిలేసి ఆ తర్వాతి పలకలోంచి బయటికి వస్తుంది. ఈ రెండు పలకల మధ్య కోణం 60 డిగ్రీలు. అంటే బళ్లో చూసిన పట్టకమే. మంచు వక్రీభవన గుణకం, అంటే వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.31. ఈ రెండు అంకెలతో లెక్క కడితే వెలుతురు కనీసం 22 డిగ్రీలు వంగాలని తేలుతుంది. అంతకన్నా తక్కువ వంగడం కుదరదు. ఎక్కువ వంగవచ్చు, 50 డిగ్రీల దాకా కూడా వంగుతుంది. అయితే పలుకు ఎటు తిరిగినా వంపు 22 దగ్గరే ఎక్కువసేపు తచ్చాడుతుంది. ఉయ్యాల చివరికెళ్లి వెనక్కి మళ్లేచోట కాస్త ఆగినట్టుంటుందే, అలా. అందుకే వెలుతురంతా అక్కడ పోగుపడి వలయం అవుతుంది. 22 కన్నా లోపలికి వంగిన కిరణమే లేదు గనక వలయం లోపలి భాగం బయటి ఆకాశం కన్నా కొంచెం చీకటిగా కనిపిస్తుంది. లోపలి అంచు గీత గీసినట్టు తెగి ఉంటుంది, బయటి అంచు మెల్లగా కరిగిపోతుంది. ఎరుపు మిగతా రంగులకన్నా తక్కువ వంగుతుంది కాబట్టి ఎరుపు లోపలి అంచున ఉంటుంది. వెన్నెల్లో మన కంటికి రంగులు ఆనవు, వలయం తెల్లగానే కనిపిస్తుంది. ఫోన్లో తీసిన ఫొటోలో ఆ ఎర్ర చాయ బయటపడుతుంది.

దగ్గర గుడి

ఇది మంచు పని కాదు. సన్నని నీటి తుంపరలున్న మబ్బు చంద్రుడి ముందు నుంచి పోతున్నప్పుడు వెలుతురు ఆ తుంపరల అంచుల చుట్టూ చెదిరి కట్టే వలయం. వక్రీభవనం కాదు, వివర్తనం. చంద్రుణ్ణి ఆనుకుని నీలి ఛాయ కలిసిన తెల్లటి పళ్లెం, దాని బయటి అంచున ఇటుక రంగు. ఇక్కడ ఎరుపు బయట ఉంటుంది. దూరపు గుడికి సరిగ్గా తలకిందులు. రంగుల వరస ఒక్కటి చూస్తే చాలు, ఏది ఏదో తేలిపోతుంది.

దీని సైజు ఒకటే ఉండదు. తుంపర ఎంత చిన్నదైతే వలయం అంత పెద్దది. తుంపర వ్యాసం 20 మైక్రాన్లుంటే (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వలయం అంచు చంద్రుడికి సుమారు 2 డిగ్రీల దూరంలో ఉంటుంది, 10 మైక్రాన్లుంటే 4 డిగ్రీల దూరంలో. వలయం చూస్తుండగానే ముడుచుకుపోతుంటే తుంపరలు పెద్దవవుతున్నాయన్నమాట. అలాగని వాన దిగుతుందనుకోకండి. వానచినుకు ఒకటి రెండు మిల్లీమీటర్లుంటుంది. 20 మైక్రాన్ల తుంపర అందులో యాభయ్యో వంతో వందో వంతో మాత్రమే. మార్గశిరం, పుష్యం నెలల్లో తెల్లవారుజామున పెన్న ఒడ్డున పొగమంచు దిగినప్పుడు వీధి దీపాల చుట్టూ కూడా ఇలాంటి వలయాలే కడతాయి. కాబట్టి సామెతలో మొదటి సగం ఎంత విలువైనదో రెండో సగం అంత బలహీనం. దగ్గర గుడి వాన గురించి అవుననీ కాదనీ చెప్పదు.

కొలవడం

"ఎడంగా ఉంది" అని కళ్లతో అంచనా వేస్తే మోసపోతాం. చంద్రుడు దిక్చక్రం దగ్గరున్నప్పుడు వలయం పెద్దదిగానూ, నడినెత్తిన ఉన్నప్పుడు చిన్నదిగానూ తోస్తుంది. చెయ్యి నమ్మదగ్గది. చేతిని బారుగా చాపితే చిటికెన వేలి వెడల్పు దాదాపు 1 డిగ్రీ, పిడికిలి 10, పూర్తిగా చాపిన జాన 20 నుంచి 22. చంద్రబింబం అర డిగ్రీయే. చిటికెన వేలు పెడితే చంద్రుడు పూర్తిగా దాగిపోవాలి.

జాన అందరిదీ ఒకటి కాదు కదా, అందుకే ఒక్కసారి సరిచూసుకోండి. గోడ మీద కంటి ఎత్తులో, ఒకదానికొకటి సరిగ్గా మీటరు దూరంలో రెండు గీతలు గియ్యండి. ఆ రెంటి నడుమకు ఎదురుగా, గోడకు 2 మీటర్ల 57 సెంటీమీటర్ల దూరంలో నిలబడండి. అక్కణ్ణించి ఆ గీతల మధ్య ఎడం 22 డిగ్రీలు. చెయ్యి చాపి మీ జాన ఎక్కడి దాకా వస్తుందో చూసుకుంటే ఇక జీవితాంతం పనికొచ్చే కొలత మీ చేతిలో ఉన్నట్టే. రాత్రి బొటనవేలి కొన చంద్రుడి మీద పెట్టి జాన చాపితే, చిటికెన వేలు వలయం మీద పడాలి. పడితే అది దూరపు గుడి. నాలుగు వేళ్ల వెడల్పులోపలే వలయం ముగిసిపోతే దగ్గర గుడి. మధ్యరకంగా పదీ పదిహేను డిగ్రీల దగ్గర కనిపించిందంటే దాదాపు ఎప్పుడూ మన కొలతలోనే పొరపాటుంటుంది, మోచెయ్యి వంగి ఉంటుంది.

ఆ మంచు తెర ఎక్కణ్ణించి వచ్చింది?

అసలు ముడి ఇదే. గుడి చూడగానే అడగాల్సిన ప్రశ్న "వానొస్తుందా" అని కాదు, "ఈ మబ్బును పంపిందెవరు" అని.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన నెత్తి మీద, 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమరకు ఓ గాలి నది ప్రవహిస్తుంటుంది. ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం. దాన్ని గుర్తించి 1958లో లోకానికి చెప్పినవారు పి. కోటేశ్వరం. తర్వాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ ప్రవాహపు నడుమ భాగం చెన్నై, నెల్లూరు అక్షాంశాల దగ్గరే ఉంటుంది. బంగాళాఖాతం మీద ఎక్కడో ఉరుముల మబ్బులు పైకెగసి తల విప్పితే, ఆ తల మీది మంచును ఈ గాలి వందల కిలోమీటర్లు పడమరకు ఈడ్చుకొస్తుంది. వాన సముద్రం మీదే కురిసిపోయి, తెర మాత్రం మనదాకా వస్తుంది. కింద మనకు వీచేది పడమటి కనుమలు దాటి తడి పోగొట్టుకుని దిగిన గాలి. ఈ రెంటికీ సంబంధం లేదు. పైన మబ్బు తూర్పు నుంచి, కింద గాలి పడమర నుంచి వస్తున్నాయంటే ఆ గుడిని చూసి ఆనందించండి, అంతేగానీ ఎండబెట్టినవి లోపల పెట్టే పనిలేదు. సాయంత్రం ఉరుములతో ఓ జల్లు పడితే పడొచ్చు, అది గుడి తెచ్చిన వాన కాదు.

జనవరి, ఫిబ్రవరిల్లో పైగాలి పడమటిది. ఉత్తరాన బలంగా వీచే జెట్ ప్రవాహం అంచుల్లోంచి దూదిపోచల మబ్బులు నైరుతి, పడమరల నుంచి వస్తాయి. అవి వచ్చినట్టే వెళ్లిపోతాయి.

ఏప్రిల్, మే నెలల్లో కథ ఇంకోరకం. మధ్యాహ్నం వెలిగొండల మీదో నల్లమల మీదో మబ్బు లేచి ఉరుముతుంది. సాయంత్రానికి దాని పైభాగం దాగలిలా పరుచుకుని తీరందాకా వస్తుంది. రాత్రికి గుడి. అప్పటికి వాన మార్కాపురం వైపో ఉదయగిరి వైపో కురిసి అయిపోయి ఉంటుంది. ఇక్కడ గుడి జరిగిపోయిన వానకు గుర్తు.

ఇక అక్టోబరు చివరి వారం. స్వాతి కార్తె వచ్చి గాలి ఈశాన్యానికి తిరిగాక లెక్క మారిపోతుంది. ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి బలపడుతుంటే, దాని నడుమ ఉరుముల మబ్బులు 15, 16 కిలోమీటర్ల దాకా లేస్తాయి. కింద నాలుగు వైపుల నుంచీ గాలి లోపలికి చుట్టుకుంటుంది, పైన అదే గాలి గడియారం ముల్లు తిరిగే దిశలో బయటికి విచ్చుకుంటుంది. ఆ విచ్చుకునే గాలి మంచు తెరను కేంద్రానికి వందల కిలోమీటర్ల ముందే పరుస్తుంది. బంగాళాఖాతపు వాయుగుండాలు మామూలుగా రోజుకు 300 కిలోమీటర్ల చొప్పున జరుగుతాయి. కాబట్టి తెర అంచు మన మీదకొచ్చి గుడి కట్టిన వేళకు వాన పట్టీలు ఒకటి రెండు రోజుల దూరంలో ఉంటాయి. సామెత సరిగ్గా ఈ నెలల్లో పుట్టి ఉండాలి. పంట ఆధారపడేది ఈ వాన మీదే, భయపడాల్సిందీ ఈ వానకే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాన్లు ఈ కాలానివే.

ఈ తెరకు ఓ గుర్తుంది. పూర్తిగా కమ్మక ముందు, పగటిపూట, మబ్బు పోచలు దిక్చక్రం మీద ఒకేచోట నుంచి విసనకర్రలా విచ్చుకున్నట్టు కనిపిస్తాయి. ఆ మొదలు ఆగ్నేయాన గానీ దక్షిణాన గానీ ఉంటే అటువైపే అల్పపీడన వ్యవస్థ ఉందనుకోవచ్చు. మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రపు ఒడ్డున నిలబడి సూర్యోదయం వేళ చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఊళ్లో మేడల మధ్య పట్టుకోవడం కష్టం.

గుడి కట్టాక ఏం చూడాలి

గుడి ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోవద్దు. శనగ విత్తబోయే రైతు, పొగాకు నాటబోయే రైతు, ఉప్పు మళ్లలో కుప్పలు పోసినవాళ్లు, వేటకు బయల్దేరేవాళ్లు గుడి తర్వాతి మెట్ల కోసం చూడాలి.

మొదటిది నీడ. మంచు తెర ఎంత పరుచుకున్నా పల్చగా ఉన్నంతసేపు మన నీడ నేల మీద పడుతుంది. తెర చిక్కబడి, కిందికి దిగి, నీటి తుంపరలు కలిసిన బూడిదరంగు మబ్బయ్యాక సూర్యుడు గరుకు గాజు వెనక దీపంలా మసకబారతాడు, గుడి మాయమవుతుంది, నీడ పడదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. గుడి పోయింది, గండం గడిచిందనుకుంటారు. నవంబరులో పొద్దున సూర్యుడి చుట్టూ గుడి కట్టి, మధ్యాహ్నానికి గుడి పోయి నీడ కూడా పోయిందంటే వాన దగ్గరపడినట్టు. గుడి పోయి నీడ నల్లగా, గట్టిగా పడుతుంటేనే తెర తొలగినట్టు. ఇదొక్కటి గుర్తుంచుకున్నా ఈ వ్యాసం చదివినందుకు ఫలం.

రెండోది గాలి. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. 1857లో డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలో చెప్పిన సూత్రమిది, మన అర్ధగోళమంతటా పనిచేస్తుంది. ఉత్తరం గాలో ఈశాన్యం గాలో కొడుతుంటే వ్యవస్థ ఆగ్నేయాన ఉన్నట్టు. తర్వాత గాలి ఎటు తిరుగుతుందో గంటగంటకీ చూడండి. ఈశాన్యం నుంచి తూర్పుకు, అక్కణ్ణించి ఆగ్నేయానికి తిరిగితే అది మీకు దక్షిణంగా తీరం దాటబోతోంది. సముద్రం మీది గాలి నేరుగా మీ మీదకు కొడుతుంది, కెరటాల పోటు, భారీ వాన మీ వాటాకే వస్తాయి. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకు తిరిగితే అది మీకు ఉత్తరంగా పోతోంది. సముద్రపు గాలీ నేలగాలీ రోజూ మార్చిమార్చి వీచే తీరంలో పగలు పదింటికీ రాత్రి పదింటికీ పోల్చి చూస్తేనే ఈ తేడా నమ్మదగ్గది. ఒక్క చూపుతో తేల్చొద్దు.

మూడోది పీడనం. కొన్ని ఫోన్లలో పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది. కానీ దాని అంకె చూసి కంగారు పడేవాళ్లే ఎక్కువ. మన అక్షాంశాల్లో పీడనం రోజూ రెండుసార్లు ఎక్కి దిగుతుంది. పొద్దున పదికీ రాత్రి పదికీ ఎక్కువ, సాయంత్రం నాలుగుకూ తెల్లవారి నాలుగుకూ తక్కువ. ఈ ఊగిసలాటే మూడు మిల్లీబార్ల దాకా ఉంటుంది. పొద్దున పదింటి అంకెను సాయంత్రం నాలుగింటి అంకెతో పోలిస్తే రోజూ తుఫాను వస్తున్నట్టే కనిపిస్తుంది. నిన్న ఏ గంటకు చూశారో ఇవాళ అదే గంటకు చూడాలి, ఫోను అదే బల్ల మీద ఉండాలి. 8 మీటర్ల ఎత్తు పెరిగితే 1 మిల్లీబారు తగ్గుతుంది, అంటే మిద్దె ఎక్కితేనే అంకె మారుతుంది. అదే గంటకు, అదే చోట 3 మిల్లీబార్లు తగ్గితే అనుమానించాలి. 5 తగ్గితే దగ్గర్లో గట్టి వ్యవస్థ ఉన్నట్టే.

ఉపగ్రహ చిత్రం కూడా చూడొచ్చు. ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచే వెళ్లిన ఇన్సాట్-3డీఎస్ ఉపగ్రహాలు తీసే చిత్రాలు వాతావరణ శాఖ వెబ్‌సైటులోనూ, ఇస్రో వారి మోస్‌డాక్ వెబ్‌సైటులోనూ అందరికీ దొరుకుతాయి. పరారుణ చిత్రంలో చల్లగా ఉన్నదల్లా తెల్లగా కనిపిస్తుంది. అందుకే పల్చటి మంచు తెర కూడా దట్టమైన వానమబ్బులా మెరిసిపోతుంది. టీవీలో ఆ తెల్లదనం చూసి "నెల్లూరంతా కమ్మేసింది" అనుకోవడం ఇక్కణ్ణించే వస్తుంది. పగటిపూట దృశ్య చిత్రాన్ని పక్కన పెట్టి చూడండి. పరారుణంలో తెల్లగా ఉండి, దృశ్య చిత్రంలో కింది నేల కనబడేంత పల్చగా ఉంటే అది తెర. రెంటిలోనూ తెల్లగా, గడ్డగట్టినట్టు ఉంటే అది వానమబ్బు. రాత్రి దృశ్య చిత్రం ఉండదు కాబట్టి ఆ పోలిక తెల్లారేదాకా ఆగాలి. రాడార్ సంగతి దీనికి తలకిందులు. అది వానచినుకులను పట్టుకుంటుంది, పల్చటి మంచు తెర దానికి కనిపించదు. గుడి కట్టిన రాత్రి రాడార్ చిత్రం ఖాళీగా ఉండటం మామూలే.

వీటన్నిటి మీదా చివరి మాట వాతావరణ శాఖ బులెటిన్‌ది. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను. కృష్ణపట్నం రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారంటే దూరాన వాయుగుండం ఉందని, రెండో నంబరు అంటే అది తుఫానయిందని. గుడి, తూర్పుగాలి, ఒకటో నంబరు, మూడూ కలిసిన రోజున వల దులిపి పడవ ఎక్కడం మంచిది కాదు.

గుడి సాయపడని సందర్భం కూడా చెప్పాలి. వ్యవస్థ మనదాకా వచ్చి నిలబడిపోతే ఆకాశం ఇక ఏమీ చెప్పదు. 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను తీరానికి సమాంతరంగా మెల్లగా ఉత్తరానికి పాకి 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. అన్ని గంటలూ నెల్లూరు మీద మూసిన మబ్బే. వాన ఇంకెంతసేపో తలెత్తి చూసి తెలుసుకునే దారి లేదు, బులెటిన్ ఒక్కటే దిక్కు. అమావాస్య పక్షం మరో సందర్భం. చంద్రుడు సగానికన్నా తక్కువగా ఉన్న రాత్రుల్లో గుడి కట్టేంత వెలుతురు చాలదు. దీపావళి రోజుల్లో మంచు తెర పరుచుకున్నా గుడి కనబడదు. అప్పుడు చిన్న చుక్కలు మాయమై పెద్ద చుక్కలు మాత్రం మసగ్గా మిగలడమే గుర్తు. కార్తీక, మార్గశిర పున్నములకు మాత్రం చంద్రుడు అర్ధరాత్రికి దాదాపు నడినెత్తికి వస్తాడు. వలయం మొత్తం ఆకాశంలోనే ఉంటుంది, ఏ చెట్టూ ఏ మేడా అడ్డురాదు. మనకు గుడి అవసరమైన నెలల్లోనే అది అంత బాగా కనిపించడం ఈ తీరానికి దొరికిన వరం.

పగటి గుడి

సూర్యుడి చుట్టూ వలయం కడితే ఫోన్లన్నీ మోగుతాయి, అరిష్టమని కొందరు భయపెడతారు. అది చంద్రుడి గుడే, వెలుతురు ఎక్కువ కాబట్టి రంగులు కనిపిస్తాయి. భయపడాల్సింది కంటి గురించే. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, నల్లద్దాలు పెట్టుకున్నా చూడకూడదు. కరెంటు స్తంభం నీడలోనో, కొబ్బరి మట్ట నీడలోనో, బింబం పూర్తిగా దాగేట్టు నిలబడి చుట్టూ ఉన్న ఆకాశం చూడండి.

పొద్దున, సాయంత్రం సూర్యుడు కిందున్నప్పుడు వలయానికి కుడి ఎడమల, సూర్యుడి ఎత్తులోనే రెండు మెరుపు మచ్చలు కనిపించవచ్చు. అవి ప్రతిసూర్యులు. బిళ్లల్లాంటి మంచు పలుకులు రాలే ఆకుల్లా అడ్డంగా పరుచుకుని దిగుతున్నప్పుడు ఏర్పడతాయి. సూర్యుడు 61 డిగ్రీల ఎత్తు దాటాక అవి ఉండవు. కింద ఇంద్రధనస్సు పట్టీలా అడ్డంగా మెరిసే మరో చాపం ఉంది. దానికి సూర్యుడు 58 డిగ్రీలకన్నా పైనుండాలి. యూరప్‌లో చాలాచోట్ల అరుదైన ఈ చాపం మనకు మధ్యాహ్నాల్లో అందుబాటులో ఉంటుంది, నవంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా తప్ప. ఆ రెండున్నర నెలలూ నెల్లూరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 58కి చేరడు. ఎత్తు కొలవడానికి మీటరు కర్ర నిలబెట్టండి. నీడ 62 సెంటీమీటర్లకన్నా పొట్టిగా ఉంటే చాపం కోసం వెతకొచ్చు. వెతకాల్సింది సూర్యుడి దగ్గర కాదు, అక్కణ్ణించి రెండు జానలకు పైగా కిందికి.

ఫొటోకు ఫోను ప్రధాన కెమెరా సరిపోతుంది. వలయం అడ్డకొలత 44 డిగ్రీలు, కెమెరా పొట్టి వైపు చూపు దాదాపు 50. బింబాన్ని సరిగ్గా నడుమ పెడితేనే మొత్తం పడుతుంది. చంద్రుడికైతే ఫోనును పిట్టగోడకు ఆనించి, షట్టరు రెండు నుంచి ఎనిమిది సెకన్లు, ఐఎస్ఓ 400 నుంచి 800 మధ్య పెట్టండి. ఫొటోలో పచ్చటి చుక్కో చిన్న అర్ధచంద్రమో కొత్తగా కనిపిస్తే ఫోను కాస్త కదిపి మళ్లీ తియ్యండి. అది ఆకాశంలో చోటు మారితే లెన్సులోని ప్రతిబింబం, మారకపోతే నిజం.

ఓ పుస్తకంలో రాసి పెట్టుకుంటే మీ ఊరికి సామెత ఎంత సరిపోతుందో మీకే తెలుస్తుంది. తేదీ, గంట, వలయం జానకు సరిపోయిందా, పై మబ్బు ఎటు నుంచి, కింద గాలి ఎటు నుంచి, నీడ పడుతోందా, తర్వాత 48 గంటల్లో ఎంత వాన. వాన కొలవడానికి అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఏదైనా పనికొస్తుంది. గోడకో చెట్టుకో దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో, నేలకు అడుగు ఎత్తున పెట్టి, రోజూ ఉదయం 8:30కు స్కేలుతో లోతు చూసి డబ్బా ఖాళీ చెయ్యండి. వాతావరణ శాఖ కూడా అదే వేళకు కొలుస్తుంది కాబట్టి మీ అంకెను మండలం అంకెతో పోల్చుకోవచ్చు. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. గుడి కట్టి వాన పడని రోజుల్ని కూడా తప్పకుండా రాయండి. పడిన రోజులు ఎలాగూ గుర్తుంటాయి, పడనివే మరుపున పడతాయి.